చిత్రగుప్తుల చిట్టా

శామ్ రైమీ తీసిన 'స్పైడర్ మేన్' (2002)లో ఒక వాన రాత్రి. సందులో మేరీ జేన్‌ని నలుగురు అటకాయిస్తారు. స్పైడర్ మేన్ ఊడిపడతాడు. ఇద్దర్ని ఎత్తి, ఆమె వెనకున్న రెండు కిటికీల్లోంచి లోపలికి విసిరేస్తాడు. అద్దాలు భళ్ళున పగులుతాయి. మిగిలిన ఇద్దరికీ దేహశుద్ధి జరుగుతుండగా కెమెరా మళ్ళీ మేరీ జేన్ వైపు తిరుగుతుంది. ఆమె వెనక ఆ రెండు కిటికీలూ నిక్షేపంలా ఉంటాయి. చిన్న గీత కూడా పడి ఉండదు.

సూపర్ హీరో సినిమాల్లో తప్పుల జాబితా ఎవరు రాసినా ఈ కిటికీలకి అందులో చోటు ఖాయం. ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా ఎవరో ఒకరు కొత్తగా కనిపెట్టినట్టు చెబుతూనే ఉంటారు. ఆ వెంటనే వచ్చే తలకిందుల ముద్దు గురించి, ముఖం కూడా చూపించని మనిషిని ఆ అమ్మాయి అంతలా ఎందుకు నమ్మిందన్న దాని గురించి ఇందులో పదో వంతు చర్చ కూడా నాకు కనబడలేదు.

తప్పు పట్టుకోవడం మీద నాకు పేచీ లేదు. కన్ను అంత చురుగ్గా ఉండటం మంచిదే. పట్టుకోవడాన్నే విమర్శ అనుకోవడంతోనే నా పేచీ. 2012లో మొదలైన సినిమాసిన్స్ అనే యూట్యూబ్ చానెల్ దీన్నొక పరిశ్రమ చేసింది. సినిమా నడుస్తుంటుంది. తప్పు దొరికినప్పుడల్లా గంట మోగుతుంది. ఒక మూలన 'పాపాల' లెక్క పెరుగుతూ ఉంటుంది. చివర్లో మొత్తం పాపాలు ఇన్ని అని తేలుస్తారు. వాళ్ళది సగం వేళాకోళమేనని నాకూ తెలుసు. కానీ ఆ గంట చప్పుడు వింటూ పెరిగిన చాలామందికి అది వేళాకోళంగా మిగల్లేదు, సినిమా చూసే పద్ధతే అయిపోయింది. ఇప్పుడు ప్రతి సినిమాకీ ఒక చిత్రగుప్తుడు చిట్టా చంకన పెట్టుకుని హాల్లోకి వస్తున్నాడు. పాత చిత్రగుప్తుడు కనీసం మనుషుల పాపాలు రాసుకునేవాడు. ఈయన అద్దాల పాపాలు, కాఫీ కప్పుల పాపాలు, చొక్కా గుండీల పాపాలు రాసుకుంటున్నాడు.

అసలు పగిలిన అద్దం ఎలా అతుక్కుంటుంది? ఏ సన్నివేశాన్నీ మనం చూసే వరసలో తీయరు. ఒక వైపు కెమెరా పెట్టి ఆ వైపు కనిపించేవన్నీ తీసేస్తారు. లైట్లు మార్చి రెండో వైపు తీస్తారు. నటి క్లోజప్ ఒక రోజు, ఫైటర్ గాల్లోకి ఎగిరేది ఇంకో రోజు. గ్లాసులో నీళ్ళు ఏ మట్టానికి ఉన్నాయి, జుట్టు ఏ భుజం మీదికి వచ్చింది అని రాసిపెట్టుకోవడానికి హాలీవుడ్‌లో స్క్రిప్ట్ సూపర్‌వైజర్ ఉంటారు. మన సెట్లలో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ నెత్తిన ఆ పని పడుతుంది. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఎడిటింగ్ గదిలో చిక్కు తప్పదు. ఒక టేకులో అద్దం పగిలి ఉంది కానీ నటి ముఖంలో ఏమీ పలకలేదు అనుకుందాం. ఇంకో టేకులో ముఖం పలికింది కానీ అద్దం పగల్లేదు. ఎడిటర్ ఏది తీసుకోవాలి?

'అపొకలిప్స్ నౌ', 'ది ఇంగ్లిష్ పేషెంట్' సినిమాలకి పనిచేసిన ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఎడిటింగ్ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో దీనికి లెక్కే వేశాడు. ఒక కట్ బాగుందా లేదా అని తేల్చడానికి ఆరు కొలతలు: భావోద్వేగం 51 శాతం, కథ 23, లయ 10, ప్రేక్షకుడి చూపు తెర మీద ఎక్కడుందన్నది 7, తెర మీది అమరిక 5, ఆ స్థలంలో ఎవరు ఎక్కడున్నారన్న కొనసాగింపు 4. ఆరూ కుదిరితే మంచిదే. కుదరనప్పుడు కింది నుంచి ఒక్కోటీ వదులుకుంటూ రావాలి, పైదాన్ని బలిచ్చి కిందిదాన్ని కాపాడుకోకూడదు అంటాడు. 51 ఒక్కటే మిగతా అయిదింటినీ కలిపినదానికంటే ఎక్కువ. మన చిత్రగుప్తులు ఎంతసేపూ ఆ చివరి 4 చుట్టుపక్కలే తచ్చాడుతుంటారు.

తెలిసి తెలిసి తప్పుని ఉంచుకున్న సినిమా ఒకటుంది. 'సూపర్‌మేన్ 2' చాలావరకు తీసేశాక దర్శకుడు రిచర్డ్ డానర్‌ని తప్పించి రిచర్డ్ లెస్టర్ చేత పూర్తి చేయించారు. అది 1980లో వచ్చింది. డానర్ తీసిన ముక్కల్ని వెతికి పోగుచేసి 2006లో ఆయన వెర్షన్‌ని విడుదల చేశారు. అందులో నయాగరా హోటల్ గదిలో ఒక సన్నివేశం ఉండాలి: క్లార్కే సూపర్‌మేన్ అని అనుమానించిన లోయిస్ అతని మీద తుపాకీ పేలుస్తుంది. అతను బయటపడిపోతాడు. అప్పుడు చెబుతుంది, అందులో ఉన్నది ఉత్తుత్తి తూటా అని. ఈ సన్నివేశాన్ని డానర్ తీసే అవకాశమే రాలేదు. నటీనటుల్ని ఎంచుకునేటప్పుడు చేసిన స్క్రీన్ టెస్టులు మాత్రం ఉన్నాయి. క్రిస్టఫర్ రీవ్ టెస్టు వేరు, మార్గో కిడర్ టెస్టు వేరు. రెండిట్నీ కలిపి కుట్టి సినిమాలో పెట్టేశారు. రీవ్ అప్పటికి కండలు పెంచలేదు, సన్నగా ఉన్నాడు. జుట్టు వేరేగా ఉంది. షాటు షాటుకీ మనిషి మారిపోతుంటాడు. చిట్టా రాసేవాడికి పండగే. కానీ ఆ వెర్షన్‌లో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న సన్నివేశం అదే. అబద్ధం చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి పట్టుబడినప్పుడు అతని భుజాలు నిటారుగా అవుతాయి, గొంతు మారుతుంది. కుర్ర రీవ్ ఆ రెండు పనులూ చేసి చూపించాడు. జుట్టు సంగతి అప్పుడు ఎవడిక్కావాలి?

మరైతే తప్పులన్నిటినీ క్షమించేయాలా? అక్కర్లేదు. బగ్ దొరికిందనగానే సాఫ్ట్‌వేర్ వాళ్ళం మొదట అడిగేది దీనివల్ల ఎవరికి ఏం పోతుంది అని. బటన్ రెండు పిక్సెళ్ళు పక్కకి జరిగిన బగ్గూ, ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడే బగ్గూ ఒకే జాబితాలో ఒకే వరసలో ఉంటే ఆ జాబితా తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేయొచ్చు. తీవ్రత రాయని బగ్ రిపోర్టు ఉత్త ఫిర్యాదే.

ఒకే సినిమాలోంచి రెండు తప్పులు తీసుకుందాం. 'ది డార్క్ నైట్ రైజెస్' (2012)లో బేన్ ముఠా స్టాక్ ఎక్స్చేంజి మీద పడుతుంది. బయట పట్టపగలు. వాళ్ళ ప్రోగ్రామ్ పూర్తవడానికి ఇంకా ఎనిమిది నిమిషాలు కావాలంటారు. బైకులెక్కి బయటపడతారు. సొరంగంలోకి వెళ్ళేలోపు పగలు, కాసేపటికల్లా చిమ్మచీకటి. ఎనిమిది నిమిషాల్లో సూర్యుడు ఎలా మునిగాడు అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఎలాగో నాకు తెలుసు: బ్యాట్‌మేన్ ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి బయటికి రావాలి, గబ్బిలం మిట్టమధ్యాహ్నం రాదు. ఆ ఎనిమిది నిమిషాల ఉత్కంఠ కొంచెం పల్చబడినమాట నిజం. నష్టం అంతవరకే.

రెండోది చూడండి. సినిమా మొదట్లో బ్రూస్ వేన్ చేతికర్రతో కుంటుతూ నడుస్తాడు. మోకాల్లో మృదులాస్థే మిగల్లేదని డాక్టర్ చెబుతాడు. కాలికి ఒక యంత్రపు పట్టీ బిగించుకున్నాకే మళ్ళీ బ్యాట్‌మేన్ కాగలుగుతాడు. తర్వాత బేన్ అతని వెన్ను విరిచి పాతాళంలాంటి చెరసాలలో పడేస్తాడు. అక్కడ వెన్నుని ఒక ఖైదీ గుద్ది సరిచేస్తాడు, అది సరే, కథలో నాటువైద్యం అనుకుందాం. మరి మోకాలు? పట్టీ లేదు. ఆ కాలితోనే దండీలు తీస్తాడు, గోడ ఎక్కుతాడు, తాడు కూడా వదిలేసి ఆ చివరి దూకు దూకుతాడు. మోకాలి మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు. ఇక్కడ నాకు గంట మోగించాలనిపిస్తుంది. ఈ సినిమా మొత్తం నొప్పి గురించి. అరిగిపోయిన ఒంటితో మనిషి మళ్ళీ లేవగలడా అన్నదే దాని ప్రశ్న. ఆ ప్రశ్న అడిగిన సినిమా తను చూపించిన నొప్పిని తనే మర్చిపోతే, అతను పైకి చేరినప్పుడు మనకి కలిగే ఉత్సాహంలో కొంత దొంగసొమ్ము కలిసినట్టే. సూర్యుడి తప్పు గడియారానిది. మోకాలి తప్పు సినిమా ఆయువుపట్టు మీదే ఉంది. చిట్టాలో ఈ రెండిటికీ చెరొక గంటే.

నష్టం ఇంతకంటే పెద్దదయ్యే చోటు ఇంకోటుంది. 'ఇన్ఫినిటీ వార్' (2018)లో థానోస్ చిటికె వేస్తే విశ్వంలో సగం ప్రాణులు బూడిదైపోతాయి. 'ఎండ్‌గేమ్' (2019)లో అయిదేళ్ళ తర్వాత వాళ్ళందర్నీ వెనక్కి తెస్తారు. ఆ అయిదేళ్ళూ అలాగే ఉంటాయి, చెరిగిపోవు. ఒక్కసారి దీని అర్థం ఆలోచించండి. ప్రతి ఇంట్లో అయిదేళ్ళ కిందట పెద్దకర్మ చేసేసిన మనిషి ఒక రోజు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఆమె ఇంకొకర్ని పెళ్ళి చేసుకుని ఉంటుంది. కొడుకు కోసం బెంగపెట్టుకున్న తల్లి ఈలోపు పోయి ఉంటుంది. మనిషి చరిత్రలో ఇంతటి తారుమారు లేదు.

అదే ఏడాది వచ్చిన 'ఫార్ ఫ్రమ్ హోమ్' దీన్ని ఏం చేసింది? స్కూలు పిల్లల వార్తల వీడియోలో జోకుగా చెప్పేసింది. బాస్కెట్‌బాల్ ఆట మధ్యలో మాయమైన బ్యాండు మేళం మళ్ళీ ఊడిపడుతుంది. ఒక కుర్రాడు తమ్ముడు తనకంటే పెద్దవాడైపోయాడని చెబుతాడు. నవ్వుతాం. యూరప్ ట్రిప్పు ఎక్కడ దాకా వచ్చిందన్న దాంట్లో పడిపోతాం. అంతకుముందు సినిమాలో సగం లోకం కోసం ఏడిపించిన కథ ఇదే.

దాన్ని సరిగ్గా చూపించడం కుదరని పని కూడా కాదు. 'వాండావిజన్' (2021) నాలుగో ఎపిసోడ్ మొదట్లో మోనికా రాంబో ఆసుపత్రి కుర్చీలో కళ్ళు తెరుస్తుంది. ఆపరేషన్ అయిన తల్లి పక్కన కునికిపాట్లు పడుతున్నది మాయమై, మళ్ళీ అక్కడే తేలింది. మంచం ఖాళీ. కారిడార్‌లో గాల్లోంచి మనుషులు పుట్టుకొస్తున్నారు, నర్సులు పరుగులు పెడుతున్నారు. అమ్మ ఏదని అడుగుతుంది. మూడేళ్ళ కిందటే పోయిందని డాక్టరు చెబుతుంది. కొన్ని నిమిషాల సన్నివేశం. మోనికాకి ఒక కునుకు, ప్రపంచానికి అయిదేళ్ళు. ఈ రెండు కాలాలూ ఆమె ముఖం మీద ఢీకొంటాయి. కంటిన్యుటీ అనే మాటకి నాకు తెలిసిన అసలు అర్థం ఇది: ముందు జరిగినదాని బరువు తర్వాత వచ్చే మనిషి మోయడం.

'ఫార్ ఫ్రమ్ హోమ్' తప్పుల జాబితాలో పీటర్ బ్యాగు ఏ భుజానికి ఉందన్న లెక్క దొరుకుతుందేమో గానీ, మూడున్నర వందల కోట్ల మంది దుఃఖం ఎటు పోయిందన్న లెక్క దొరకదు.

ఇక రెండో జట్టు దగ్గరికి వద్దాం. "సూపర్ హీరో సినిమాలో లాజిక్కులేంటి బాస్? సినిమాని సినిమాలా చూడాలి" అనే జట్టు. వీళ్ళకీ చిత్రగుప్తులకీ ఎప్పుడూ పడదు గానీ, నా దృష్టిలో ఇద్దరూ ఒక తాను ముక్కలే. అద్దం పగల్లేదని ఒకడు సినిమా కొట్టేస్తాడు. ఇంకొకడు అద్దాన్ని సాకుగా పెట్టి మోకాలినీ దుఃఖాన్నీ కూడా మాఫీ చేసేస్తాడు. మనిషి ఎగరగలడని ఒప్పుకున్నాను కాబట్టి ఇక ఏదైనా ఒప్పుకోవాలన్నది వీళ్ళ వాదన. నిజానికి అద్భుతం జరిగే కథలోనే కట్టుబాటు ఎక్కువ కావాలి. మామూలు కథకి మన లోకం నియమాలు అరువు దొరుకుతాయి. అద్భుతకథ తన నియమాలు తనే పెట్టుకోవాలి, తనే పాటించాలి.

ఇది మనకి ఎవరో నేర్పాల్సిన సంగతి కాదు. 'మాయాబజార్' (1957) శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు. పాండవులు సినిమా మొత్తంలో ఎక్కడా కనిపించరు. మూలానికి కట్టుబడ్డాడా అన్న చిట్టా తీస్తే కె.వి.రెడ్డి పాపాల భైరవుడే. కానీ ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక సావిత్రిని చూడండి. ఒళ్ళు శశిరేఖది, లోపల ఉన్నది ఎస్వీ రంగారావు. ఎవరూ చూడనప్పుడు ఆ నడకలో ఠీవి వస్తుంది, చూపులో అసురుడు తొంగిచూస్తాడు, మళ్ళీ చటుక్కున సిగ్గుపడిపోతుంది. మాయ ఉంది, మాయకి జ్ఞాపకం కూడా ఉంది. ఏ అద్దం ఎక్కడుందో ఎవరికి గుర్తుంది? ఆ నడక మాత్రం అరవై ఏళ్ళు దాటినా ఎవరూ మర్చిపోలేదు.

తప్పులు పట్టుకోవడానికి ఒక మంచి చరిత్ర కూడా ఉంది. 1960లలో మార్వెల్ కామిక్స్‌కి పాఠకులు ఉత్తరాలు రాసి తప్పులు చూపించేవాళ్ళు. స్టాన్ లీ వాళ్ళకి 'నో-ప్రైజ్' అని ఒక బహుమతి పెట్టాడు. పేరులోనే ఉంది, బహుమతి ఏమీ లేదు. తర్వాత్తర్వాత గెలిచినవాళ్ళకి ఒక కవరు వచ్చేది, లోపల ఖాళీ. ఇందులో నాకు నచ్చే మలుపు ఇంకోటి. కాలం గడిచేకొద్దీ తప్పు చూపించినవాడికి కాక, అది ఎందుకు తప్పు కాదో కథలో ఇమిడేలా చెప్పగలిగినవాడికి ఆ కవరు దక్కడం మొదలైంది. అంటే పాఠకుడు తీర్పరి కుర్చీలోంచి దిగి కథకుడి పక్కన కూర్చున్నాడు. స్టాన్ లీ తనే 1964లో హల్క్ అసలు పేరు బ్రూస్ బ్యానర్ అని మర్చిపోయి 'ఫెంటాస్టిక్ ఫోర్'లో బాబ్ బ్యానర్ అని రాసేశాడు. పాఠకులు పట్టుకున్నారు. అయితే అతని పూర్తి పేరు రాబర్ట్ బ్రూస్ బ్యానర్ అన్నాడు. ఇవాళ్టికీ అదే అతని పేరు. సెర్వాంటెస్ ఇంకా ముందే ఈ పని చేశాడు. 'డాన్ కిహోటే' మొదటి భాగం (1605)లో సాంకో గాడిద దొంగల పాలవుతుంది, కాసేపటికి ఆ గాడిద మీదే సాంకో కనిపిస్తాడు. రెండో భాగం (1615)లో పాత్రలే ఆ తప్పు గురించి మాట్లాడుకుంటాయి. రాసినవాడు పొరబడ్డాడో, అచ్చువేసినవాడి తప్పో అని సాంకో తప్పించుకుంటాడు.

ఆ ఆట ఇప్పుడు చేతులు మారింది. 'థోర్' (2011)లో ఓడిన్ ఖజానాలో ఇన్ఫినిటీ గాంట్లెట్ కుడిచేతిది ఉంటుంది. 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' (2015) చివర్లో థానోస్ ఎడమచేతికి తొడుక్కుంటాడు. అభిమానులు గోల చేశారు. 'రాగ్నరాక్' (2017)లో హేలా ఖజానాలోకి వచ్చి దాన్ని తోసేసి, నకిలీది అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. సరదాగా ఉంది, నేనూ నవ్వాను. 'హోమ్‌కమింగ్' (2017)లో 2012 నాటి యుద్ధం తర్వాత 'ఎనిమిదేళ్ళకి' అని తెర మీద వేసి, 2016 నాటి సంఘటన అయిన కొద్దికాలానికే కథ నడిపారు. ఆ ఎనిమిది తప్పని తర్వాత ఆ సంస్థ దర్శకుల్లో ఒకరే ఒప్పుకున్నారు. కాలక్రమాన్ని మళ్ళీ సరిచేసుకున్నారు. గమనించారా, తీరికగా సరిచేసినవన్నీ చేతి తొడుగులూ తేదీలే. మనం జీతం లేని టెస్టర్లుగా ఏ బగ్గులు రాసిస్తే కంపెనీ ఆ బగ్గులే దిద్దుతుంది. దుఃఖం గురించి బగ్ రాసినవాళ్ళు తక్కువ, అందుకే అది ఎవరి క్యూలోనూ లేదు.

ఈ లెక్కల్లో పడి మనం చూడని మనుషులు తెర వెనకా ఉన్నారు. 'జస్టిస్ లీగ్' (2017)లో హెన్రీ కావిల్ పై పెదవి విచిత్రంగా ఉందని ప్రపంచమంతా నవ్వింది. రీషూట్ల సమయానికి అతను ఇంకో సంస్థ సినిమా కోసం మీసం పెంచాడు, తీయడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదు. దాంతో మీసాన్ని కంప్యూటర్లో చెరిపేశారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళు వేరు, గడువుకి ఆ మూతి గీసినవాళ్ళు వేరు. నవ్వు మాత్రం గీసినవాళ్ళ పనితనం మీద పడింది. 2023 సెప్టెంబర్‌లో మార్వెల్ స్టూడియోస్ వీఎఫ్ఎక్స్ సిబ్బంది యూనియన్ కావాలని ఏకగ్రీవంగా ఓటేశారు. తెర మీద అతుకు కనబడినప్పుడు నవ్వే ముందు, అది అజాగ్రత్తా, లేక ఎవరి రాత్రుళ్ళో అందులో కరిగిపోయాయా అని ఒక్కసారి అనుకోవడం కూడా విమర్శలో భాగమే.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకంటారా? మన సమీక్షల్లోనూ ఇదే గంట మోగుతోంది కాబట్టి. నవల మీద పేజీన్నర రాస్తారు. ఫలానా ఏడాదిలో ఆ ఊరికి ఆ బస్సు లేదు, ఆ పాట అప్పటికి విడుదల కాలేదు, పదో పేజీలో మేనత్త ఇరవయ్యో పేజీలో పిన్ని అయింది. అన్నీ నిజమే, రచయితకి చెప్పాల్సినవే, ఎడిటర్ పట్టుకోవాల్సినవే. కానీ ఆ మేనత్త నలభయ్యో పేజీలో చేసిన ద్రోహం యాభయ్యో పేజీకల్లా ఎవరికీ గుర్తు లేకుండా ఎలా పోయింది? ఆ ప్రశ్న అడగాలంటే పుస్తకంలోని మనుషుల్ని నమ్మాలి, వాళ్ళకి తగిలినవి మనకి తగలాలి. బస్సు తప్పు చెప్పడానికి అదేమీ అక్కర్లేదు, టైమ్‌టేబుల్ చాలు. అందుకే అది అంత తేలిక, అందుకే దాన్నిండా అంత గెలుపు.

చిట్టా మూసేయమని నేను అడగను. అందులో ఇంకో గడి గీసుకోమంటున్నాను. తప్పు పక్కన, దానివల్ల ఎవరికి ఏం పోయిందో రాయండి. కిటికీ అద్దం దగ్గర ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. బ్రూస్ వేన్ మోకాలి దగ్గరా, తలుపు దగ్గర నిలబడిన ఆ అయిదేళ్ళ కిందటి మనుషుల దగ్గరా మాత్రం రాయడానికి చోటు సరిపోదు.